అందఱకును విద్య: మగ్గము మొదలు గణనయంత్రము వఱకు



మార్కండేయ మహర్షి సంతతివారమనియు, తామరతూండ్లనుండి నూలుదీసి దేవతలకు వస్త్రములు నేసిన భావనాఋషి వంశజులమనియు మన పద్మశాలీయులు పరంపరగా చెప్పుకొనుచున్నారు. ఈ పురాణగాథల పరమార్థమేమనగా, మనకు వృత్తియే విద్య, విద్యయే వృత్తి. అయినను మన సంఘము వార్షిక సంచికలను ప్రకటించునపుడెల్ల పరీక్షలయందు ప్రథమశ్రేణి నొందిన బాలబాలికల చిత్రపటములనే ముద్రించుచున్నాము. అది తగినపనియే. కాని ఆ పటములలో చేరని బిడ్డలెవ్వరు? చూపులేని బిడ్డ, వినికిడిలేని బిడ్డ, నడువలేని బిడ్డ, అక్షరము కుదురుగా పట్టుపడని బిడ్డ, ఇల్లు గడచుటకై పనిలో పడి బడి మానుకొన్న బిడ్డ. వీరికి విద్య చేరిన చరిత్రమెట్టిదో, అందులో మన నేతవృత్తికి గల భాగమెట్టిదో, నేడు మనము చేయదగినదేమో యీ వ్యాసమున మనవిచేసెదను.

పూర్వికుల దృష్టి

మందబుద్ధులకు చదువేలయను మాట మన సారస్వతమునకు సమ్మతము కాదు. పంచతంత్రము ఆరంభమే యిందులకు సాక్షి. మహిలారోప్యపురమున అమరశక్తియను రాజునకు మువ్వురు కుమారులు, మువ్వురును చదువునకు విముఖులు. మంత్రులు వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని లెక్కలు చెప్పుచుండగా, వృద్ధుడైన విష్ణుశర్మ ఆఱుమాసములలో వారిని నీతికోవిదులను చేసెదనని పూనుకొనెను. అతడు శిష్యులను మార్చలేదు, బోధనామార్గమును మార్చెను. సూత్రములకు మాఱుగా కథలు చెప్పెను. విద్యార్థి పాఠమునకు ఒదుగనిచో పాఠమే విద్యార్థికి ఒదుగవలెనని నేటి శిక్షాశాస్త్రజ్ఞులు చెప్పు సర్వసమ్మిళిత విద్యకు మూలసూత్రము ఇదియే.

అయితే ఆ సూత్రము రాజకుమారులకు ఫలించినంతగా సామాన్యులకు ఫలింపలేదని ఒప్పుకొనక తప్పదు. అక్షరము కొన్ని కులములకు దూరముగా నుంచబడెను, స్త్రీలకు మఱింత దూరముగా నుంచబడెను. చూపులేనివారికి గానమో భిక్షాటనమో తప్ప వేఱుదారి కానరాకుండెను.

బళ్లారి లెక్కలు

మదరాసు గవర్నరుగానుండిన సర్ టామస్ మన్రో 1822వ సంవత్సరమున ప్రతిజిల్లాయందును గల దేశీయ పాఠశాలలను లెక్కింప నుత్తరువు చేసెను. తెలుగు, కన్నడములు కలిసియున్న బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధము. ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు మాత్రము కలరని అతడు తెలిపెను. వీనిలో తెలుగుబడులు 226. విద్యార్థులలో బాలికలు కేవలము 60 మంది.

ఈ క్షీణతకు కారణమును చెప్పుచు ఆ యధికారి వ్రాసిన విషయము మన కులమువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. సీమనుండి దిగుమతియైన వస్త్రములు దేశీయ నేతబట్టలను త్రోసివేయగా చేతిపనులవారి రాబడి మిక్కిలి తగ్గెననియు, అందుచే పంతులుగారికి ఇచ్చుకొను స్వల్పజీతము సైతము చెల్లింపలేక తల్లిదండ్రులు బిడ్డలను బడి మాన్పించిరనియు అతడు సూచించెను. మగ్గము చిక్కినపుడు బడియు చిక్కెను. నేతవాని యింట బిడ్డకు ఊహ తెలిసినది మొదలు కండెలు చుట్టుట, అచ్చు అతుకుటయందు తోడుండుట మొదలైన పనులుండెను. చేయి ఖాళీలేని బిడ్డకు పలక యెట్లు చేరును? కావున విద్యకు వెలియైనవారి బాధ మనకు పరాయిది కాదు. మన తాతముత్తాతలును ఆ పంక్తిలోనివారే.

ఆ నాటి వీథిబడియొక్క గొప్పతనమునుగూడ ఇచట చెప్పవలెను. 1789లో ఎగ్మూరునందలి అనాథబాలుర ఆశ్రమమునకు అధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండుదేశపు మతాచార్యుడు, ఒక దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుటను గమనించి, ఆ రెండుపద్ధతులను తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. 1797లో అతడు దానిని లండనునందు గ్రంథరూపమున ప్రకటింపగా, ‘మదరాసు పద్ధతి’ యను పేరుతో ఇంగ్లండునందు వేలకొలది పేదబిడ్డలకు అదియే చదువు చెప్పెను. కాగితము లేకున్న ఇసుక, పంతులు చాలకున్న తోటివిద్యార్థి. సాధనము స్వల్పమైనను ఉపాయముండినచో విద్య యందఱకును చేరునని మన వీథిబడి లోకమునకు నేర్పినది.

ఆఱు చుక్కలు

ఫ్రాన్సుదేశమున కూప్వ్రే యను గ్రామములో 1809వ సంవత్సరమున గుఱ్ఱపుజీనులు కుట్టు తోలుపనివాని యింట లూయీ బ్రెయిలు జన్మించెను. మూడేండ్లప్రాయమున తండ్రి పనిముట్టు కంటికి గ్రుచ్చుకొని, ఆ పుండు రెండవకంటికిని ప్రాకి, ఆ బాలునకు చూపు పూర్తిగా పోయెను. 1819లో అతడు పారిసునందలి అంధబాలుర పాఠశాలలో చేరెను. దానిని 1785లో వాలెంతిన్ హాయి యను మహనీయుడు స్థాపించియుండెను. అచట మామూలు అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చువేసి తడవి చదువుమనిరి. చదువుట కష్టము, వ్రాయుట యసాధ్యము. చూపుగలవాడు తన కంటికి తోచిన లిపిని వేలికి అంటగట్టుటయే ఆ పద్ధతియందలి లోపము.

షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి చీకటిలో చదువుటకై కల్పించిన చుక్కల లిపిని చూచి, బ్రెయిలు దానిని సంస్కరించి 1824 నాటికి, అనగా తన పదునైదవయేట, ఆఱుచుక్కల లిపిని సిద్ధపఱచెను. 1829లో అది పుస్తకరూపమున వెలువడెను. చూపుగల గురువులు కొందఱు తమకు రాని లిపి తమ పాఠశాలలో వలదని అడ్డుపడిరి. విద్యార్థులు మాత్రము దానిని రహస్యముగానైనను నేర్చుకొనిరి. బ్రెయిలు 1852లో మరణించిన రెండేండ్లకుగాని ఆ పాఠశాల దానిని అధికారపూర్వకముగా అంగీకరింపలేదు.

ఛందశ్శాస్త్రము చదివినవారికి ఈ ఆఱుచుక్కలు క్రొత్తవిగా తోచవు. పింగళాచార్యులు చెప్పిన ప్రస్తారమున ఒక్కొక్క అక్షరము గురువో లఘువో కావలెను. ఆఱక్షరముల పాదమునకు, అనగా గాయత్రీఛందమునకు, 64 భేదములు వచ్చును. బ్రెయిలులిపియందు ఒక్కొక్క స్థానమున చుక్క యుండవలెను, లేదా ఉండకుండవలెను. ఆఱుస్థానములకు 64 భేదములు. అందు ఖాళీగడిని విడిచినచో 63 గుర్తులు మిగులును. గురులఘువులలోనున్న గణితమే అంధబాలుని వ్రేలికొసకు అక్షరమై దిగివచ్చినది.

చిల్లుల అట్టలు

ఇంచుమించు ఆ కాలముననే, ఆ దేశముననే, మగ్గముపై ఇదే గణితము ప్రత్యక్షమయ్యెను. లియోను నగరము పట్టునేతకు ప్రసిద్ధము. పూలు, లతలు, పక్షులు గల బట్టను నేయునపుడు ఏ పడుగుపోగులు లేవవలెనో ప్రతి పేకకును మగ్గముపై కూర్చున్న సహాయకుడు తాళ్లు లాగుచుండవలెను. ఆ పనిలో బాలురే యెక్కువగా నలిగిపోయిరి. 1725లో బూషోను చిల్లుల కాగితమును, 1728లో ఫాల్కను చిల్లుల అట్టలను, తరువాత వోకన్సను స్వయంచాలక మగ్గమును ప్రయత్నింపగా, వానినన్నిటిని సమన్వయించి జోసెఫ్ మారీ జాకార్డు 1804 ప్రాంతమున పని నెఱవేర్చెను. అట్టపై చిల్లున్నచోట సూది దూరి పోగు లేచును, చిల్లు లేనిచోట లేవదు. అంతియే యంత్రరహస్యము. మన ఊళ్లలో నేటికిని ‘జాకార్డు’ అని పిలుచుచున్న సాధనము అదియే.

చార్లెస్ బాబేజి యను ఆంగ్లగణితవేత్త 1837 ప్రాంతమున తాను సంకల్పించిన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు జాకార్డుని అట్టలనే స్వీకరించెను. 1843లో ఆడా లవ్‌లేస్ అను విదుషి ఆ యంత్రమును మగ్గముతోనే పోల్చి వివరించెను. 1890లో అమెరికా జనాభాలెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే త్వరగా ముగించెను. నేటి కంప్యూటరు ప్రతి యక్షరమును ఒకటి, సున్న యను రెండు గుర్తులతోనే యెఱుగును. పోగు లేచుట, లేవకుండుట, చుక్క యుండుట, లేకుండుట, గురువు, లఘువు: ఇవన్నియు ఒక్కజాతివే. కావున కంప్యూటరు మనకు పైనుండి వచ్చిన పరాయివిద్య యని మన బిడ్డలు బెదరవలసినపని లేదు. దాని పూర్వికులలో మగ్గమొకటి.

భారతదేశమున

మన దేశమున అంధులకు ప్రథమపాఠశాల 1887లో అమృతసరమున అన్నీ షార్ప్ అను మిషనరీ స్త్రీచే నెలకొల్పబడి, తరువాత డెహ్రాడూను ప్రాంతమునకు మార్చబడెను. దక్షిణదేశమున 1890లో పాళయంకోటయందు, కలకత్తాలో 1897లో లాల్‌బిహారీ షా గారి పూనికచే అంధపాఠశాలలు వెలసెను. బధిరులకు బొంబాయిలో 1880 దశకమునను, కలకత్తాలో 1893లోను పాఠశాలలు ఏర్పడెను.

అయితే ఒక చిక్కు గలిగెను. ఒక్కొక్క ప్రాంతమువారు తమ తమ భాషలకు వేఱువేఱు బ్రెయిలులిపులను కల్పించుకొనిరి. పుస్తకములే తక్కువ, ఆ తక్కువ పుస్తకములును ఒకరివి యొకరు చదువలేకపోయిరి. స్వాతంత్ర్యము వచ్చినపిదప 1949లో భారతప్రభుత్వము ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ సాయము కోరెను. 1951లో ‘భారతి బ్రెయిలు’ యను ఏకలిపి అంగీకరింపబడెను. దీనియందు తెలుగు ‘క’కును, హిందీ ‘క’కును, తమిళ ‘క’కును ఒక్కటే గుర్తు. అచ్చులకును గుణింతములకును వేఱువేఱు రూపములు లేవు. కావున తలకట్టు, గుడి, కొమ్ములతో కుస్తీపట్టు మన తెలుగుబిడ్డకంటె బ్రెయిలు చదువు తెలుగుబిడ్డకు గుర్తులు తక్కువ. కంటికి భిన్నములైన మన లిపులు వ్రేలికి ఏకమైనవి.

బధిరుల చరిత్రము మఱింత వక్రమైనది. పారిసునందు 1760 ప్రాంతమున ఆబే ద లెపే యను మతాచార్యుడు వారి చేతిసైగలనే భాషగా గౌరవించి బోధించెను. కాని 1880లో మిలాను నగరమున సమావేశమైన ఉపాధ్యాయులు సైగలను నిషేధించి, పెదవుల కదలికచే మాటలాడుటయే నేర్పవలెనని తీర్మానించిరి. ఆ సభలో బధిరులు లేరన్నంత తక్కువ. ఆ తీర్మానము తప్పని వాంకూవరు నగరమున జరిగిన సమావేశము 2010లోగాని విచారము ప్రకటింపలేదు. నూటముప్పదియేండ్లు! ఎవరి విద్యనుగుఱించి తీర్మానింతుమో వారి మాట వినకుండుటవలన కలుగు అనర్థమునకు ఇంతకంటె దృష్టాంతము వలదు. మన దేశమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణకేంద్రము 2015లో ఢిల్లీయందు స్థాపింపబడెను. 2021 నాటికి దాని నిఘంటువున పదివేల పదములు చేరెను.

వేఱుబడినుండి కలసిన బడికి

మొదట ఈ బిడ్డలకు ప్రత్యేకపాఠశాలలే శరణ్యములయ్యెను. అవి చేసిన మేలు మఱవరానిది. కాని బిడ్డ యిల్లు విడిచి దూరనగరమున వసింపవలెను, తోటి బిడ్డలతో ఆట లేదు, మాట లేదు. కొఠారీ విద్యాసంఘము (1964–66) వీలయినంతవఱకు సామాన్యపాఠశాలలయందే వీరికి విద్య నీయవలెనని సూచించెను. 1974లో కేంద్రప్రభుత్వము అందులకై ఒక పథకమును ప్రారంభించెను. 1994లో స్పెయినుదేశమున సాలమాంకాయందు పలుదేశముల ప్రతినిధులు కూడి, అన్నివిధములైన బిడ్డలకును ఒకే పాఠశాల యని ప్రకటించిరి. మన దేశమున 1995లో ఒక చట్టమును, 2009లో విద్యాహక్కు చట్టమును, 2016లో దివ్యాంగుల హక్కుల చట్టమును వచ్చెను. ఈ కడపటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, 40 శాతము మొదలు వైకల్యము గలవారికి ఆఱవయేడు మొదలు పదునెనిమిదవయేడు వఱకు ఉచితవిద్యను, ఉన్నతవిద్యయందు 5 శాతము స్థానములను, సర్కారుద్యోగములయందు 4 శాతమును నిర్దేశించినది.

చట్టము తలుపు తెఱచును గాని చేయిపట్టి లోపలికి తీసికొనిరాదు. 2011 జనాభాలెక్కల ప్రకారము దేశమున 2.68 కోట్ల దివ్యాంగులు కలరు. వారిలో అక్షరాస్యులు సుమారు 1.46 కోట్లు మాత్రమే. మిగిలినవారిని బడికి తెచ్చువారెవ్వరు? బంధువులు, ఇరుగుపొరుగువారు, కులసంఘములు.

మాటలాడు యంత్రము

ఇట్టి సమయమున కంప్యూటరు తోడ్పడినది. తెరపైనున్న అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు ఉపకరణములు పూర్వము మిక్కిలి ఖరీదుగలవి. ఆస్ట్రేలియాదేశీయుడైన మైకేల్ కర్రన్ అను అంధయువకుడు 2006లో ‘ఎన్.వి.డి.ఎ.’ యనుదానిని నిర్మింప నారంభించి, మఱియొక అంధమిత్రునితో కలసి దానిని లోకమునకు ఉచితముగా నిచ్చెను. అది తెలుగును చదువగలదు. సామాన్యుల చేతిఫోనులయందును చదివి వినిపించు ఏర్పాటు కలదు. మాటలాడిన దానిని అక్షరములుగా మార్చు ఏర్పాటును కలదు. ఇది బధిరులకును, వ్రాయుటకు చేయి రానివారికిని ఉపకారము.

కాని ఇందొక మెలకువ యున్నది. 1991లో ఏర్పడిన యూనికోడు పద్ధతిలో తెలుగక్షరమునకు లోకమంతటను ఒకే సంఖ్య గలదు. ఆ పద్ధతిని వ్రాసినదానినే యంత్రము తిన్నగా చదువగలదు. మనము పాతపద్ధతి అక్షరములతో అచ్చు కూర్చినను, కరపత్రమును ఫొటోతీసి ఫోనులో పంపినను, అది చూపులేనివానికి తిన్నగా అందదు. మన సంఘము పంపు విద్యార్థివేతనప్రకటనలు ఇప్పుడు ఫొటోలుగానే పోవుచున్నవి. అవి యెవరికి ముఖ్యముగా కావలెనో వారికే చేరుటలేదు.

పుస్తకముల హక్కులనుగుఱించి సంశయింపవలదు. దివ్యాంగులు చదువుకొనుటకు అనువైన రూపమున గ్రంథములను మార్చుటకు 2012లో సవరించిన మన గ్రంథస్వామ్యచట్టము అనుమతించినది. 2013లో జరిగిన మర్రకేష్ ఒడంబడికను 2014లో లోకమున మొట్టమొదట ధ్రువీకరించిన దేశము మనదే.

యంత్రమెంత యున్నను ఉపాధ్యాయుని చొరవ లేనిది ఫలము లేదు. చాలయేండ్లు పంతులుపని చేసినవాడను గనుక ఉపాధ్యాయసోదరులకు కొన్నిమాటలు మనవిచేసెదను. బల్లపై వ్రాయుచున్నదానిని నోటితో చదువుచు వ్రాయవలెను. మాటలాడునపుడు తరగతివైపు ముఖముంచవలెను, పెదవులు చూచి గ్రహించు బిడ్డ యుండవచ్చును. ఒకే విషయమును మాటగాను, బొమ్మగాను, చేతితో తాకదగిన వస్తువుగాను చూపవలెను. వ్రాయలేని బిడ్డను నోట అడుగవలెను, పలుకలేని బిడ్డకు వ్రాయనీయవలెను. ఒక బిడ్డకొఱకు చేసిన ఈ మార్పు తరగతిలోని నలువదిమందికిని మేలు చేయును.

ఇద్దఱు ముగ్గురు సాక్షులు

ద్వారం వేంకటస్వామినాయుడుగారికి (1893–1964) చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. సంగీతమున వారికి దారి దొరకెను. విజయనగరము సంగీతకళాశాలయందు 1919లోనే వారు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. మన కాలమున మచిలీపట్నము ప్రాంతమున జన్మించిన బొల్లా శ్రీకాంతుగారు చూపులేనివారను కారణమున ఇంటర్మీడియటునందు విజ్ఞానశాస్త్రము నిరాకరింపబడగా, న్యాయస్థానమున పోరాడి అనుమతి సాధించి, అమెరికాలోని ఎమ్.ఐ.టి. యందు చదివి, 2012లో స్వదేశమున పరిశ్రమ స్థాపించి దివ్యాంగులకు పని కల్పించిరి.

మన కులమున చింతకింది మల్లేశముగారు ఆఱవతరగతితో బడి విడిచినవారు. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసుపోయుటలో తల్లి లక్ష్మమ్మగారు దినమునకు వేలమారులు చేయి ఆడించి భుజము నొప్పితో బాధపడుట చూచి, యేండ్లకొలది శ్రమించి 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చెను. ఏ పరీక్షయందును ప్రథమశ్రేణి కాని బుద్ధి యెట్టి కార్యము చేయగలదో దీనివలన తెలియును.

కర్తవ్యము

సంఘపు ధనము స్వల్పము, దానిని మార్కులు వచ్చినవారికే యిచ్చుట లాభముగదాయని కొందఱు దాతలు తలపవచ్చును. మార్కులు వచ్చినవానికి మనమీయకున్నను దారి దొరకును. దారి లేనివానికి మనమిచ్చునదే దారి. కావున పోషకులకు ఈ క్రింది మనవులు చేయుచున్నాను.

ఒకటి: ప్రతిపట్టణశాఖయు తన పరిధిలోని మన కుటుంబములందు బడికి పోని బిడ్డల పట్టికను సిద్ధపఱుపవలెను. వైకల్య ధ్రువపత్రము లేనివారికి దానిని సంపాదించి పెట్టవలెను. అది లేనిచో చట్టమిచ్చిన సౌకర్యములు దక్కుట కష్టము.

రెండు: విద్యార్థివసతిగృహమున చదివి వినిపించు ఉపకరణము గల రెండుమూడు కంప్యూటర్లను ఉంచి, వానిని నేర్పగల యువకునకు జీతమీయవలెను. ఆ ఉపకరణము ఉచితము, కావలసినది నేర్పువాడు. సాయంకాలము అచటనే మగ్గము విడిచిన పెద్దలకును, స్త్రీలకును ఫోనుద్వారా బ్యాంకుపనులు, సర్కారు దరఖాస్తులు నేర్పవచ్చును.

మూడు: మన ప్రకటనలు, ఈ సంచికయు యూనికోడు అక్షరములతో వెలువడవలెను.

నాలుగు: బహుమతులలో కొన్ని మార్కులతో నిమిత్తములేక, అడ్డంకులను దాటి చదువు సాగించిన బిడ్డలకై ప్రత్యేకింపవలెను.

ఐదు: మన సభామంటపమునకు మెట్లప్రక్కన వాలుదారి నిర్మింపవలెను. వచ్చు మహాసభయందు సంజ్ఞాభాషలో తెలుపువారి నొకరిని పిలిపింపవలెను.

ఆఱు: ఈ గది తలుపు ఇతరకులముల బిడ్డలకును తెఱచియుండవలెను. వీథిలోని అంధబాలుని కులమడిగి విద్య చెప్పుట మనవంటివారికి తగదు. మనలను ఒకప్పుడు అట్లే అడిగిరి.

మగ్గముపై ఒక పోగు తెగినచో నేతగాడు ఆ పోగును విడిచి నేయడు. నాడెను ఆపి, తెగిన కొసలను వెదకి, ముడివేసి, అటుపిమ్మటనే సాగును. విడిచినచో అచట కలుగు సందు బట్ట ఉన్నంతకాలము కనబడుచుండును. ఈ పని మనకు పుట్టుకతో వచ్చిన విద్య. దానినే పాఠశాలయందును చేయుడని మహాజనులను ప్రార్థించుచున్నాను.